కళ్ళ కింద గుంతకు సూది: ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చెడగొడుతుంది

నలభై దాటిన ఆడవాళ్ళకు పెళ్ళిళ్ళలో ఒక ప్రశ్న తప్పదు. "ఏమ్మా, ఒంట్లో బాగుండలేదా? మొగం పీక్కపోయిందే!" ఒళ్ళు బాగానే ఉంటుంది, ముందు రోజు నిద్ర కూడా పట్టి ఉంటుంది. అయినా కళ్ళ కింద గుంత, దాని చుట్టూ నలుపు, కాస్త జారిన బుగ్గ చూసి అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. అడిగించుకున్న మనిషి ఇంటికొచ్చి ఫోన్ తీసి వెతుకుతుంది. వెతికిందే తడవు రీల్స్ మొదలు: ఒక్క సూది, పది నిమిషాలు, పదేళ్ళు వెనక్కి. మా అనంతపురంలో, అటు కర్నూలు, కడపల్లో కూడా ఇప్పుడు ఈ చికిత్సల బోర్డులు కనబడుతున్నాయి. కావాలంటే బెంగళూరు, హైదరాబాదు ఉండనే ఉన్నాయి.

రీల్‌లో చెప్పని సంగతి ఏమిటంటే, కళ్ళ కింద అలా కనబడటానికి కారణం అందరికీ ఒకటి కాదు. కొందరికి లోపల కొవ్వు, ఎముక తగ్గి నిజంగానే గుంత పడుతుంది. కొందరికి గుంతేమీ ఉండదు, చర్మమే నల్లబడి ఉంటుంది. కొందరికి పల్చటి చర్మం కింద రక్తనాళాల రంగు బయటికి కనబడుతుంది. ఇంకొందరికి పైన సంచిలాగా ఉబ్బు ఉండి దాని నీడ కింద పడుతుంది. ఫిల్లర్ అనే జెల్ సూది పుట్టింది మొదటివాళ్ళ కోసం. రెండోవాళ్ళకు అది దండగ. మూడో రకంవాళ్ళకు, నాలుగో రకంవాళ్ళకు చాలాసార్లు ఉన్నదాన్ని చెడగొడుతుంది. ఏ క్రీము, ఏ మెషీన్, ఎన్ని వేలు అనే చర్చంతా దీని తర్వాతే రావాలి. మన దగ్గర ముందు ప్యాకేజీ రేటు అడిగి, ఆ తర్వాత కుర్చీలో కూర్చుంటున్నారు.

చర్మం కింద జరిగేది

వయసుతో చర్మం వదులవుతుందని అందరికీ తెలుసు. అసలు మార్పు దాని అడుగున, చాలా లోతులో మొదలవుతుంది. ముఖం ఎముకలు కూడా అరుగుతాయి. కంటిగుంత చుట్టూ ఉన్న ఎముక అంచు ఏళ్ళు గడిచేకొద్దీ వెనక్కి తగ్గి ఆ గుంత వెడల్పవుతుంది. పైదవడ ఎముక కూడా కొంత వెనక్కి పోతుంది. ఎముక మీద కొవ్వు ఉంటుంది. అది ఒకే పొరగా కాకుండా చిన్న చిన్న గదులుగా విడివిడిగా ఉంటుందని 2007లో రోరిచ్, పెస్సా అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు మృతదేహాల ముఖాల్లోకి రంగు ఎక్కించి చూపించారు. ఈ గదులన్నీ ఒకేసారి తగ్గవు. బుగ్గ లోతులో ఉన్నవి చిక్కిపోతుంటే, పైపైన ఉన్నవి కిందికి జారుతుంటాయి. పందిరి గుంజలు కుంగితే పైన పరిచిన తాటాకు తనంతట తానే వాలిపోతుంది. తాటాకును ఎంత సర్దినా ప్రయోజనం ఉండదు. ముఖానికి రాసే క్రీములు గుంతను పూడ్చలేకపోవడానికి కారణం ఇదే.

కళ్ళ కింద కథ ఇంకొంచెం చిక్కు. కంటి లోపలి మూల నుంచి బుగ్గ వైపు ఏటవాలుగా దిగే గీతను డాక్టర్లు టియర్ ట్రఫ్ అంటారు. అక్కడ చర్మాన్ని, కండను ఎముకకు కట్టిపడేసే లిగమెంట్ ఒకటుంది. పైనేమో కంటి చుట్టూ ఉండే కొవ్వు ముందుకు తోసుకొస్తుంది, కింద బుగ్గ చిక్కుతుంది, మధ్యలో ఆ లిగమెంట్ మాత్రం పట్టు వదలదు. గీత లోతవుతుంది. దానికి తోడు అక్కడి చర్మం మందం అర మిల్లీమీటరు లెక్కన ఉంటుంది, ఒంట్లో ఇంత పల్చటి చర్మం ఇంకెక్కడా లేదు. లోపల ఏం జరిగినా బయటికి కనబడుతుంది. లోపల ఏం పెట్టినా కూడా.

ఇదంతా వయసు వల్లే అనుకోనక్కర్లేదు. ఎముకల తీరు వల్ల పాతికేళ్ళకే ఆ గీత పడేవాళ్ళున్నారు. వాళ్ళమ్మ, అమ్మమ్మ ఫొటోలు తీసి చూస్తే తెలిసిపోతుంది. వేగంగా బరువు తగ్గినవాళ్ళకు కూడా వస్తుంది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే సూదులు మన మార్కెట్‌లోకి వచ్చాక ఈ సమస్య మరీ బయటపడింది. నడుము తగ్గాలని సూది వేసుకుంటే, ఒళ్ళు ఎక్కడ తగ్గాలో మనం చెప్పలేం కదా, బుగ్గలూ తగ్గుతాయి. అలాంటివాళ్ళు బరువు ఒక చోట నిలబడి కొన్ని నెలలు గడిచాకే ముఖం సంగతి చూసుకోవడం మేలు. ఇంకా తగ్గుతుండగానే జెల్ నింపితే, రేపు తగ్గే బుగ్గకు నేటి కొలత తీసుకున్నట్టవుతుంది.

కిటికీ దగ్గర అద్దం

మీది ఏ రకమో ఇంట్లోనే సగం తేల్చుకోవచ్చు. ట్యూబ్‌లైట్ కింద మాత్రం వద్దు. నెత్తి మీద నుంచి పడే వెలుతురులో ఎవరికైనా కళ్ళ కింద నీడ పడుతుంది. కొన్ని క్లినిక్కుల్లో 'బిఫోర్' ఫొటో అలాంటి దీపం కింద తీసి, 'ఆఫ్టర్' ఫొటో ఎదురు వెలుగులో తీస్తారు, ఆ తేడాలో సగం దీపానిదే.

పొద్దున తొమ్మిదప్పుడు కిటికీకి ఎదురుగా, వెలుగు ముఖం మీద తిన్నగా పడేలా చిన్న అద్దం పట్టుకుని కూర్చోండి. కాటుక, పౌడరు ఏదీ వద్దు. ముందు తల కాస్త పైకెత్తి చూడండి. నలుపు దాదాపు మాయమైతే అది నీడే, అంటే గుంతో ఉబ్బో ఉందన్నమాట. తల ఎటు తిప్పినా నలుపు అలాగే ఉంటే రంగు చర్మంలోదే. తర్వాత కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగండి. చర్మంలోని రంగైతే చర్మంతో పాటే కదులుతుంది. లాగినకొద్దీ నీలంగా, ఊదాగా ముదిరితే కింది నాళాలు కనబడుతున్నట్టు. ఇక తల కదల్చకుండా కళ్ళు మాత్రమే పైకెత్తి మిద్దె కప్పు వైపు చూడండి. అప్పుడు కింద ఉబ్బు పెద్దదైతే లోపలి కొవ్వు ముందుకొస్తోందని అర్థం. పొద్దున నిండుగా ఉండి మధ్యాహ్నానికి తగ్గే ఉబ్బు మాత్రం నీటిది. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి. ఏది ఎక్కువో తెలియడమే ముఖ్యం, మిగతాది చర్మ వైద్యుడు చెప్పాలి.

నలుపు చర్మంలోదైతే సూది ఆలోచన పక్కన పెట్టండి. మన చర్మపు రంగులో ఇది చాలా మామూలు సంగతి, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే వస్తుంది. అలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు కళ్ళు నులుముకుని నులుముకుని నల్లబరుచుకుంటారు. కొందరికి కాటుక పడదు. ఎండ సంగతి అనంతపురం, కర్నూలు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. నులమడం మానడం, సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన పూతమందు, నెలల తరబడి ఓపిక. ఇంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

సూది వేయించుకునే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువై ముఖం పాలిపోతే కళ్ళ కింది రంగు రెట్టింపు కనబడుతుంది. థైరాయిడ్ తేడా ఉంటే కళ్ళ చుట్టూ ఉబ్బుతుంది. కిడ్నీ సమస్య ఉన్నా పొద్దునే కళ్ళ కింద నీరు చేరుతుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలకు కొన్ని వందలు చాలు. పాతిక వేల సిరంజీ కంటే ముందు ఆ వందలు ఖర్చుపెట్టమని చెప్పని క్లినిక్ మీద నాకు నమ్మకం కుదరదు.

ఇక్కడే మెడికల్ షాపు సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. "నల్లమచ్చలకు ఏదైనా ఇవ్వన్నా" అంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల క్రీము. మొదటి పది రోజులు మెరుపు కనబడుతుంది, అందుకే ఇంట్లో అందరూ అదే ట్యూబు వాడతారు. నెలల తరబడి రాస్తే అసలే పల్చటి చర్మం ఇంకా పల్చబడి, కింది నాళాలు గీతలు గీతలుగా బయటపడతాయి. కంటి దగ్గర ఎక్కువకాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం ఆగిందా అంటే, మీ వీధి చివర షాపులో అడిగి చూడండి.

పైన సంచిలా ఉబ్బు ఉన్నవాళ్ళకు కూడా నా సలహా కటువుగానే ఉంటుంది. చిన్న ఉబ్బైతే దాని కింది గీతలో కాస్త జెల్ వేసి కప్పిపెట్టొచ్చు. పెద్దదైతే అది ఆపరేషన్ పని. రెప్ప లోపలి వైపు నుంచే కొవ్వును సర్దే పద్ధతి ఉంది, బయటికి మచ్చ కూడా కనబడదు. ఆపరేషన్ అంటే భయపడి ఏడాదికోసారి జెల్ పోసుకుంటూ పోతే నాలుగేళ్ళకు ఖర్చూ ఎక్కువవుతుంది, ముఖమూ బరువెక్కుతుంది.

సిరంజీలో ఉన్నది ఏమిటి

నిజంగా గుంత ఉన్నవాళ్ళకు ఎక్కువగా వాడేది హయలురానిక్ యాసిడ్ జెల్. కార్ల్ మేయర్, జాన్ పామర్ 1934లో పశువుల కంటిలోని జెల్లీ నుంచి దీన్ని వేరుచేశారు. మన చర్మంలో, కీళ్ళలో ఇది సహజంగానే ఉంటుంది. మోకాళ్ళ నొప్పికి వేసే జెల్ సూది, శుక్లం ఆపరేషన్‌లో కంట్లో వాడే జెల్ కూడా ఈ కుటుంబంలోవే. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాను పులియబెట్టి తయారు చేస్తున్నారు. మామూలు రూపంలో ఎక్కిస్తే ఒళ్ళు దాన్ని రోజుల్లోనే కరిగించేస్తుంది. అందుకని బీడీడీఈ అనే రసాయనంతో దాని పొడవాటి అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తారు. ముడులు ఎక్కువైతే జెల్ గట్టిగా ఉంటుంది, బుగ్గ ఎముక మీద నిలబడుతుంది. తక్కువైతే మెత్తగా ఉంటుంది, కళ్ళ కిందికి అదే కావాలి. బుగ్గకు తెచ్చిన సిరంజీలో మిగిలింది కదా అని కళ్ళ కింద వేయడం తప్పు, ఆ ప్రస్తావన డాక్టరే తెచ్చినా సరే.

అమెరికాలో ఈ తరహా జెల్‌కు మొదటి అనుమతి 2003 చివర్లో వచ్చింది, అదీ ముక్కు పక్కన దిగే గీతలకు. బుగ్గలు నింపడానికి 2013లో ఇచ్చారు. కళ్ళ కింద వాడకానికని ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది 2022లోనే. అంటే అన్నేళ్ళూ డాక్టర్లు తమ అనుభవం మీద, తమ బాధ్యత మీద వేస్తూ వచ్చారన్నమాట. కళ్ళ కిందికి అనుమతి ఇంత ఆలస్యంగా రావడం ఊరికే కాదు. ఆ చోటు అంత తేలికైంది కాదు.

మంచి డాక్టరు చేసే తీరు దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ముందు పడుకోబెట్టరు, నిటారుగా కూర్చోబెడతారు. పడుకుంటే గుంత సగం మాయమవుతుంది కాబట్టి గుర్తులు పెట్టేది కూర్చున్నప్పుడే. తెల్ల పెన్సిల్‌తో గీత గీసి, నవ్వమంటారు, పైకి చూడమంటారు. చాలాసార్లు "కళ్ళ కింద తర్వాత చూద్దాం, ముందు బుగ్గ" అంటారు. బుగ్గకు ఆధారం దొరికితే పైగీత దానంతట అదే కొంత తేలిపోతుంది. మత్తు క్రీము రాసి అరగంట ఆగాక, బుగ్గ మీద సూదితో చిన్న బెజ్జం వేసి అందులోంచి మొన లేని సన్నటి గొట్టం, క్యాన్యులా, లోపలికి పంపుతారు. అది కండ అడుగున, ఎముకకు ఆనుకుని జరుగుతుంది. నొప్పి పెద్దగా ఉండదు కానీ లోపల ఏదో నెడుతున్నట్టు వింతగా ఉంటుంది. జెల్‌ను బొట్టు బొట్టుగా, చాలా నిదానంగా వదులుతారు. కళ్ళ కింద రెండు వైపులా కలిపి ఒక మిల్లీలీటరు దాటడం అరుదు. టీ చెంచాలో ఐదు మిల్లీలీటర్లు పడతాయంటే ఎంత తక్కువో ఊహించండి. అందులోనూ గుంత పూర్తిగా నిండకముందే ఆపేస్తారు. జెల్ నీటిని పట్టుకుని రెండు వారాల్లో ఇంకొంచెం ఉబ్బుతుంది, తక్కువైతే అప్పుడు మళ్ళీ వేయొచ్చు. కుర్చీలోంచి లేచేసరికే అద్దంలో నునుపుగా నిండిపోయిన ముఖం కనిపిస్తే సంబరపడకండి, పది రోజులకు అది ఉబ్బుగా మారే అవకాశం ఎక్కువ.

ఎంతకాలం ఉంటుంది? ఆరు నెలల నుంచి ఏడాదిన్నర అని చెబుతారు. కళ్ళ కింద కదలిక తక్కువ కాబట్టి అంతకంటే ఎక్కువే ఉంటుంది. కొందరికి ఏళ్ళ తర్వాత ఎమ్మారై తీసినా జెల్ ఇంకా అక్కడే కనబడింది. అందుకే "ఏడాదైంది కదా, మళ్ళీ రండి" అని ఫోన్ వస్తే వెంటనే బయల్దేరకండి. పాతది ఉండగానే కొత్తది పోస్తే కళ్ళ కింద చిత్తడిగా, నిండుగా తయారవుతుంది. జెల్ మరీ పైపొరలో పడితే నీలి ఛాయ కూడా వస్తుంది. నలుపు పోగొట్టుకుందామని వెళ్ళినవాళ్ళు నీలంతో తిరిగి రావడం ఇలాగే.

ఎన్‌హెచ్ 44 మీద నాలుగు గంటలు

వాపు, కమిలిన మచ్చలు, చిన్న గడ్డలు అన్నీ సర్దుకునేవే. అసలు భయం రక్తనాళం. ముఖం నాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. జెల్ పొరపాటున నాళంలోకి పోతే, లేదా పక్కనుంచి గట్టిగా నొక్కితే, ఆ నాళం రక్తం అందించే చర్మం చచ్చిపోతుంది. ఒత్తిడికి జెల్ వెనక్కి ప్రయాణించి కంటి నాళంలో అడ్డుపడితే చూపు పోతుంది. ఇది అరుదు, కానీ కట్టుకథ కాదు. 2015లో వచ్చిన ఒక సమీక్షలో అప్పటిదాకా ప్రపంచవ్యాప్తంగా వైద్య పత్రికల్లో నమోదైన, అన్ని రకాల ఫిల్లర్ల వల్ల చూపు దెబ్బతిన్న కేసులు 98 లెక్క తేలాయి. తర్వాతి మూడున్నరేళ్ళ చిల్లరకు మరో 48 చేరాయి. ఎక్కువగా కనుబొమల మధ్య, ముక్కు మీద వేసినప్పుడు జరిగినవి. ముక్కు నిటారుగా కనబడాలని వేయించుకునే కుర్రాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కంటి లోపలి తెరకు, అంటే రెటీనాకు, రక్తం ఆగితే గంటన్నర దాటాక చూపు తిరిగి రాదన్నది పాత లెక్క, నిజానికి అంత వ్యవధి కూడా ఉండదని ఇప్పుడంటున్నారు.

చర్మం విషయంలో మాత్రం కాస్త సమయం దొరుకుతుంది, గుర్తుపడితే. వేసిన చోట లేదా దానికి దూరంగా చర్మం తెల్లబడటం, తర్వాత వల అల్లినట్టు ఊదారంగు గీతలు, తగ్గని నొప్పి, వేలితో నొక్కి వదిలితే రంగు నిదానంగా తిరిగి రావడం. చామనఛాయ చర్మంలో తెల్లబడటం అంత స్పష్టంగా తెలియదు, కాబట్టి నొప్పినీ, నొక్కి చూసే పరీక్షనీ నమ్ముకోవాలి. రెండు మూడు రోజులకు చీము పొక్కులు లేస్తే "మొటిమలు" అని కొందరు ఊరుకుంటారు. అవి మొటిమలు కావు. దీనికి విరుగుడు ఉంది. హయలురానిడేస్ అనే ఎంజైమ్ సూది జెల్‌ను గంటల్లో కరిగించేస్తుంది. ఎంత తొందరగా వేస్తే అంత మేలు, గంటకోసారి మళ్ళీ మళ్ళీ వేయాల్సి రావచ్చు. ఫిల్లర్లన్నిటిలో హయలురానిక్ యాసిడ్‌దే పైచేయి కావడానికి ఈ విరుగుడు ఉండటమే పెద్ద కారణం.

మన జిల్లాల వాళ్ళకు అసలు చిక్కు ఇక్కడుంది. అనంతపురం నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు ఒకే హైవే మీద, అటూ ఇటూ సుమారు రెండు వందల పది కిలోమీటర్లు. పొద్దున బయల్దేరి, సూది వేయించుకుని, షాపింగ్ కూడా చూసుకుని రాత్రికి ఇంటికి చేరుకుంటున్నారు. నాళం మూసుకుపోయిన గుర్తులు సాయంత్రానికో మర్నాటికో బయటపడితే? క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఫొటో వాట్సాప్‌లో పెట్టమంటారు. ఆ ఫొటో చూసి "ఐస్ పెట్టండి, తగ్గుతుంది" అంటే? ఐస్ పెడితే నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. నన్నడిగితే పెద్ద ఊళ్ళో వేయించుకునేవాళ్ళు ఆ రాత్రి అక్కడే బంధువుల ఇంట్లో ఉండి, మర్నాడు ముఖం చూపించుకుని రావాలి. లేదంటే మన ఊళ్ళోనే, హయలురానిడేస్ ఫ్రిజ్‌లో పెట్టుకున్న చర్మ వైద్యుడి దగ్గర వేయించుకోవాలి. పేరున్న క్లినిక్ కంటే పిలిస్తే పలికే డాక్టరు ఈ విషయంలో ఎక్కువ.

ఇంకో సంగతి. ఈ విరుగుడు కొత్త మందేమీ కాదు. శుక్లం ఆపరేషన్‌కు ముందు కంటి పక్కన ఇచ్చే మత్తు సూదిలో దీన్ని ఎప్పటినుంచో కలుపుతున్నారు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, కంటి డాక్టర్లకు ఈ మందు బాగా పరిచయమే. సూది పడిన వెంటనే చూపు మసకబారితే, కన్ను విపరీతంగా లాగితే, చర్మం క్లినిక్‌లో కూర్చుని ఆలోచించకుండా కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. తేనెటీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. తేనెటీగ విషంలో కూడా ఇదే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి, విరుగుడే పడకపోవచ్చు.

మిగతా సూదులు, మెషీన్లు

ఆ విరుగుడుతో కరగని ఫిల్లర్లు కొన్ని ఉన్నాయి. పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ అనేది నేరుగా నింపదు, నెలల మీద మన చర్మం చేతే కొల్లాజెన్ అనే, చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. అమెరికాలో దానికి 2004లో వచ్చిన మొదటి అనుమతి అందం కోసం కాదు, హెచ్‌ఐవీ బాధితుల కోసం. అప్పట్లో వాడిన స్టావుడిన్ మాత్రలతో బుగ్గల్లో కొవ్వు కరిగిపోయి, ముఖం చూడగానే జబ్బు బయటపడేది. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన మందుల్లో కూడా అది ఉండేది, తర్వాత ఆపేశారు. బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి ఏళ్ళుగా హెచ్‌ఐవీ రోగులను చూస్తున్న మన ప్రాంతంలో, ముఖం నింపుకోవడం అంటే డబ్బున్నవాళ్ళ సరదా అని తీసిపారేయడం నాకు సరిగ్గా అనిపించదు. ఊళ్ళో తలెత్తుకు తిరగడానికి ఒక మనిషికి ఆ బుగ్గలే కావలసి రావచ్చు. అయితే ఈ మందునూ, క్యాల్షియం కలిసిన జెల్‌నూ కళ్ళ కింద వేయరు. గడ్డ కడితే కరిగించే విరుగుడు వీటికి లేదు.

బొటాక్స్‌ను, ఫిల్లర్‌ను చాలామంది ఒకటే అనుకుంటారు. బొటాక్స్ కండరాన్ని సడలిస్తుంది, నవ్వినప్పుడు కంటి పక్కన పడే ముడతలకు పనికొస్తుంది. గుంత నింపదు.

పీఆర్పీ అంటే మన రక్తమే తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న పసుపు ద్రవాన్ని ఎక్కించడం. ఖర్చు తక్కువ, సొంత రక్తమే కాబట్టి భయం తక్కువ అనుకుంటారు. చర్మం నాణ్యత కాస్త మెరుగుపడొచ్చు, లోతైన గుంతకు మాత్రం దాని బలం చాలదు. భయం తక్కువన్న మాట కూడా సూదులు, గొట్టాలు కొత్తవైతేనే. న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఇలాంటి ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్ళకు హెచ్‌ఐవీ సోకినట్టు 2024లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ నివేదిక ఇచ్చింది.

రేడియో ఫ్రీక్వెన్సీ, అల్ట్రాసౌండ్ మెషీన్లు చర్మాన్ని బిగిస్తాయి, నింపవు. ఇప్పటికే చిక్కిన ముఖాన్ని ఇంకా బిగిస్తే పీక్కుపోయినట్టు కనబడటం తగ్గదు. సూది లేకుండా ఒత్తిడితో జెల్ ఎక్కించే పెన్నులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. బ్యూటీ పార్లర్ అక్క ఎంత మంచిదైనా, ఎంతకాలంగా తెలిసినదైనా, ఆ పెన్ను ఆమె చేతిలో కనబడితే లేచి వచ్చేయండి.

చేయించుకునేది ఎవరి దగ్గర

మన దేశంలో బొటాక్స్ మందు కిందికి, ఫిల్లర్ వైద్య పరికరం కిందికి వస్తాయి. సూది వేయాల్సింది శిక్షణ ఉన్న డాక్టరు, అంటే చర్మ వైద్యుడో ప్లాస్టిక్ సర్జనో. గోడ మీద ఉన్న సర్టిఫికెట్లు రెండు రకాలు. వారాంతపు కోర్సువి, మెడికల్ కౌన్సిల్‌వి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే తప్పుపట్టేవాళ్ళ దగ్గర ముఖం పెట్టకూడదు. మన రాష్ట్రంలో క్లినిక్ కూడా ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన 2002 నాటి చట్టం ప్రకారం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి దగ్గర రిజిస్టరై ఉండాలి. డబ్బు సరిపోనివాళ్ళు, లేదా ఇది అసలు సూది అవసరమున్న సమస్యేనా అని తేల్చుకోవాలనుకునేవాళ్ళు కర్నూలు సర్వజన ఆసుపత్రిలోనో, అనంతపురం, కడప ప్రభుత్వ ఆసుపత్రుల్లోనో చర్మ విభాగంలో ఓపీ చీటీ రాయించుకోవచ్చు. అక్కడ ఫిల్లర్ వేయకపోవచ్చు. అక్కడ దొరికేది నిదానంగా చెప్పే ఒక అభిప్రాయం, అమ్మకానికి ఏమీ లేని మనిషి నుంచి.

సిరంజీ పెట్టెను మీ కళ్ళ ముందే విప్పమనండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, దిగుమతి లైసెన్సు నంబరు చూడండి. పెట్టెలో ఊడదీసి అంటించే స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి క్లినిక్ రికార్డులో, ఒకటి మీ ఫైల్‌లో అంటించాలి. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరుకు చూపించాల్సి వస్తే లోపల ఏముందో చెప్పేది ఆ స్టిక్కరే. "ఒక సిరంజీ ఇద్దరు పంచుకోండి, సగం ధర" అనే ఆఫర్‌ను మర్యాదగా తిరస్కరించడం కాదు, అక్కడి నుంచి బయటికి రావాలి. ఒకరికి వాడిన సిరంజీ ఇంకొకరికి పనికిరాదు.

ధర సిరంజీకి సుమారు పదిహేను వేల నుంచి ముప్పై ఐదు వేల దాకా ఉంటుంది, జెల్‌ను బట్టి, ఊరిని బట్టి. అందం కోసం చేసే చికిత్సకు వైద్య సేవలకుండే జీఎస్టీ మినహాయింపు వర్తించదు, 18 శాతం కలుస్తుంది. ఇన్సూరెన్సు ఇవ్వదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముఖం మీద చీము పొక్కులో ఇన్ఫెక్షనో ఉన్నవాళ్ళు ఆగాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. సూది కోసమని గుండె మాత్రను సొంతంగా ఆపేయకూడదు.

ఇంట్లో పెళ్ళి ఉంటే ముహూర్తం వారంలో ఈ పని పెట్టుకోకండి. కమిలిన మచ్చ తగ్గడానికి పది రోజులు, జెల్ సర్దుకోవడానికి రెండు వారాలు, తక్కువైతే మళ్ళీ వేయడానికి, ఎక్కువైతే కరిగించడానికి ఇంకో రెండు వారాలు పడతాయి. పంటి డాక్టరు దగ్గర పని ఉంటే దానికీ దీనికీ మధ్య కూడా రెండు వారాలు ఎడం ఉండాలి. శ్రావణంలో పెళ్ళి అయితే ఆషాఢం మొదట్లోనే వెళ్ళాలి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి, చుట్టాలకు కనబడకుండా వాపు తగ్గించుకోవడానికి కూడా వీలు దొరుకుతుంది.